కోచ్ గారి కాలు

పుంగనూరులో గురప్ప ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు అర్షియాకు జాలి కలగలేదు.

పక్షవాతంతో కుడికాలు పడిపోయిన ఈ మనిషే ఒకప్పుడు ఆమె కోచ్. రోడ్డు సైక్లింగ్‌లో ఆమె జాతీయ చాంపియన్ అయిన ఏడాదే, విదేశీ పోటీకి వెళ్లే జట్టులోంచి ఆమె పేరు కొట్టేసి తన తమ్ముడి కూతుర్ని పంపించాడు. ఆ అవమానం తర్వాత అర్షియా మళ్లీ రేసుకు దిగలేదు. ఫిజియోథెరపీ చదువుకుని మదనపల్లెలో ఉద్యోగంలో చేరింది.

ఇప్పుడు ఆయన భార్య పిలిపిస్తే వైద్యానికి వచ్చి, ఆయన్ను ఎక్సర్‌సైజ్ సైకిలెక్కించి, పడిపోయిన కాలిని పెడల్‌కు కట్టింది.

"నొప్పిగా ఉండాదమ్మా. ఈ పొద్దుకు సాలు" అన్నాడు గురప్ప.

"కుప్పం దాకా ఎండలో తొక్కించినప్పుడు నేనూ అట్లే అన్నాను సార్. మీరు ఆపనిచ్చినారా? తొక్కండి."

ఆయన ఏడ్చాడు. ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసమే రోజూ వచ్చింది, రోజూ ఏడిపించింది.

ఒకరోజు గురప్ప గోడ పట్టుకోకుండా వాకిలి దాకా నడిచాడు.

ఆయన భార్య అర్షియా చేతులు పట్టుకుంది. "నీకు ముందు ఇద్దరొచ్చినారమ్మా. ఏడస్తాండాడని పాపమనుకోని వదిలేసినారు. 'అర్షియాను పిలిపించు, ఆ పాపకు నా మీద కసి ఉండాది, నన్ను వదల్దు' అని ఈయనే సెప్పినాడు."

అర్షియా గురప్ప వైపు తిరిగింది. "నా కసిని కూడా వాడుకున్నారా సార్?"

ఆయన తల దించుకోలేదు. "రేపు ఎన్ని గంటలకొస్తావమ్మా?" అని అడిగాడు.