గోడవారన చోటు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, గొంతెత్తి చెప్పే కథ కాదిది.

రాజమండ్రిలో కాలవగట్టు మీద ఒక పేట ఉంది. కోత మిషన్లు వచ్చి కూలిపనులు పోయినవాళ్ళూ, సముద్రం ఇల్లు లాక్కుపోయినవాళ్ళూ అక్కడికే చేరారు.

వాన పడితే మురుగునీళ్ళు గుమ్మాలెక్కుతాయి. అయినా ఆ పేటలో జానెడు చోటు దొరకడం గగనం.

ఆ పేటలో ఉండే కృపారాణిది మండపేట పక్క పల్లె. ఓ పొద్దున గిన్నెలు తోముకుంటూ తలెత్తి చూసేసరికి, ఎవరో ముసలామె తన గోడవారన బరకం పరుస్తోంది.

"ఏంటి మామ్మా? అడగాపెట్టకుండా పక్కేసేస్తున్నావ్?"

"ఉప్పాడ నుంచి వచ్చానమ్మా. నూకాలంటారు. ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ఎక్కడో చోట పాచిపని దొరికేదాకా ఇక్కడ తల దాచుకుంటాను."

"సముద్రం మీ ఊరిని మింగితే, మీరొచ్చి మా పేటని మింగుతారా? ఇవాళ నీకు చోటిస్తే రేపు నీ కొడుకు, ఎల్లుండి వాడి అత్తోరు!"

"నాకెవరూ లేరమ్మా. ఒక్కదాన్నే."

"వచ్చినోళ్ళందరూ ముందు ఒక్కళ్ళే."

నూకాలు గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్లల్ని చూసింది.

"నీ పిల్లలేనా తల్లీ? చక్కగా ఉన్నారు."

"దిష్టి పెట్టకు!"

అంటూనే కృపారాణి గిన్నెలు కడిగిన కుడితినీళ్ళు తీసి ఆ బరకం మీద కుమ్మరించింది.

చుట్టుపక్కలవాళ్ళు చూశారు. "అదేం పనే" అని ఒక్కరూ అనలేదు. ఎవరి గోడ భయం వాళ్ళది.

ముసలామె తడిసిన బరకం దులిపి చుట్టుకుంది.

"పిల్లలు జారిపడతారు, కాస్త బూడిద చల్లు తల్లీ" అని గట్టు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అచ్చిబాబు వచ్చాడు. పేటలో అందరికన్నా పాతకాపు ఆయన. జంగారెడ్డిగూడెంలో కూతురి దగ్గర కొన్నాళ్ళుండి అప్పుడే బస్సు దిగాడు.

"బస్టాండులో మన నూకాలు కనబడిందే. తడిగుడ్డలతో కూర్చుంది. ఏమైందంటే నవ్వి ఊరుకుంది. నీ దగ్గరికి రాలేదా?"

"వచ్చింది బాబాయ్. తరిమేశాను. ఎవరో ఏంటో!"

అచ్చిబాబు చేతిసంచి కింద పెట్టి, నూకాలు ఎవరో చెప్పాడు.

కృపారాణి చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తింది. కాకినాడ బస్సు చూసింది, భీమవరం బస్సు చూసింది. కనబడ్డ ముసలమ్మనల్లా ముందుకెళ్ళి మొహంలోకి చూసింది.

నూకాలు లేదు.

పొద్దుగూకాక తిరిగొచ్చి తన గుమ్మం ముందే నిలబడిపోయింది. "లోపలికి రావే అమ్మా" అని పిల్లలు పిలుస్తున్నా, గడప దాటడానికి సిగ్గుతో కాళ్ళు రాలేదు.

ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని, మీ తరవాతి వాళ్ళకు కూడా చెప్పండమ్మా: ఒకనాడు చంటిపిల్లతో వానలో తడిసి వచ్చిన కృపారాణికి అద్దె లేకుండా దొరికిన ఆ ఇల్లు, "పిల్లాపాపలతో ఎవరొస్తే వాళ్ళకిచ్చెయ్యి అన్నయ్యా" అని అచ్చిబాబు చేతిలో తాళం పెట్టి ఉప్పాడ వెళ్ళిపోయిన నూకాలిది.