పెద్ద డాక్టరు చూపు

నిన్న హెర్నియా ఆపరేషనైన దర్జీకి తెల్లవారుజాము నుంచి మూత్రం బిగుసుకుపోయింది.

"ఏదో ఒకటి చెయ్యమ్మా, ప్రాణం పోతోంది" అన్నాడు.

సిస్టర్‌కు చేతులు కట్టేసినట్టుంది. ఆ వార్డులో పెద్ద డాక్టరు చెప్పనిదే ఎవరికీ మూత్రం పైపు వేయకూడదు. పోయిన నెల అడక్కుండా వేసినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. ఇంకోటి వస్తే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

మూడుసార్లు ఫోన్ చేసింది. పెద్ద డాక్టరు మీటింగులో ఉన్నారన్నారు. రోగులకు సత్వర సేవ గురించట మీటింగు.

పన్నెండున్నరకు ఆయన శిష్యబృందంతో వేంచేశారు. మంచానికి రెండు గజాల దూరంలో ఆగారు.

"సార్, ఈయనకి పొద్దుట్నుంచి..."

"నువ్వు చెప్పక్కర్లేదు. మొహం చూస్తే తెలుస్తోంది." శిష్యుల వైపు తిరిగారు. "ఆ చెమట, ఆ కనుబొమలు గమనించండి. మూత్రాశయం పగలడానికి సిద్ధంగా ఉందంటే ఇదీ. రాసుకోండి."

రాసుకున్నారు. దర్జీ "అబ్బా" అని మూలిగాడు. అతని భార్య రెండు చేతులతో నోరు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది.

"పైపు వేసేటప్పుడు జాగ్రత్త ఏమిటి?"

"చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, జెల్లీ రాసి నెమ్మదిగా పోనివ్వాలి. మూత్రం వచ్చాకే పైపు కొసనున్న బెలూన్ ఉబ్బించాలి సార్" అంది ఒక శిష్యురాలు. "లేకపోతే దారి చిరుగుతుంది."

"అందుకే నా అనుమతి లేనిదే ఎవర్నీ ముట్టుకోనివ్వను" అన్నారు, పైపు ముట్టుకుని పదేళ్లయిన పెద్ద డాక్టరు.

"పొట్ట నొక్కి చూడనా సార్?" శిష్యురాలు ముందుకొచ్చింది.

సిస్టర్ దుప్పటి అంచు ఇంకాస్త కిందికి లాగింది.

"వద్దు తల్లీ, వేలు తగిలితే చచ్చిపోతాను" అన్నాడు దర్జీ.

"అక్కర్లేదమ్మా. అనుభవం ఉంటే కళ్లే చెప్తాయి." ఆయన కేసు షీటు మీద సంతకం గీకారు. "ఏం సిస్టర్, మనిషి ఇంత అల్లాడుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"మీ మాట కోసం సార్."

"సరే, వెంటనే వెయ్యి."

బూట్ల చప్పుడు వరండా మలుపు దాటాక, సిస్టర్ తెర లాగి, కిందికి జారిన దుప్పటి అంచు ఎత్తి, గంట కిందట తాను వేసిన పైపు చివర మంచం పట్టీకి వేలాడుతున్న నిండు సంచిని ఖాళీ చేసింది.