కోసేసిన ఆఖరి పేజీ

కొత్త పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు శోభ తన చేత్తోనే చింపింది, అయినా లోపల ఆఖరి పేజీని ఎవరో బ్లేడుతో కోసేశారు.

ఆమెకు ఒళ్లు మండింది. టీవీలో పద్నాలుగేళ్లుగా నడుస్తున్న అంతరిక్ష సీరియల్ ‘చుక్కల గస్తీ’ మీద వచ్చిన ప్రతి నవలా ఆమె చదివింది. నందికొండ కాలువ గేటు గదిలో రాత్రి డ్యూటీకి అవే తోడు. ఈ నవలలో ఎక్కడా పేరు చెప్పని నౌక కాపలా ఆమె బతికిందా లేదా అన్నది ఆ పేజీలోనే తేలాలి.

రాత్రి రెండింటికి కాలువ కింది గేటు నుంచి ఫోను మోగింది. ప్రతి గేటు నుంచీ గంటగంటకూ నీటిమట్టం చెప్పడం అక్కడి పద్ధతి. అవతలి మనిషి అంకెను రెండుసార్లు చెప్పాడు. కోపంలో ఆమె ఏ గేటో, ఎవరో కూడా పట్టించుకోలేదు.

“నీళ్ల సంగతి తర్వాత. నా పుస్తకం కోసిందెవ్వలు? జర సిగ్గుండాలె.”

అవతల నీటి హోరు వినబడింది. అంకెను అలా రెండుసార్లు చెప్పే అలవాటు కింది గేటులో పనిచేసిన పర్వతాలు ఒక్కడికే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. ఈ నవలల పిచ్చి ఆమెకు అంటించిందీ అతనే. నిరుడు వానాకాలంలో కాలువలో పడి చనిపోయాడు. అప్పటి నుంచి కింది గేటుకు మనిషినే వేయలేదు.

అయినా కోపం తగ్గలేదు.

“నువ్వయితే మాత్రం? నా పుస్తకం మీద నీకేం హక్కున్నది పర్వతాలన్నా?”

“నేనే కోసిన చెల్లె. గా కాపలా ఆమె పేరు ఆఖరి పేజీలనే చెప్తరు. నీ పేరు రాసిండ్రు, ఎట్ల సచ్చిపోతదో గూడ రాసిండ్రు. నిరుటి పుస్తకంల నా పేరుండె. నేను చదివిన.”