అరవై రెండు కిలోల సరుకు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. జగ్గయ్యపేట పత్తిమిల్లులో కాటా సరిచూడ్డానికి గుమస్తా బెన్ని తానే ఎక్కి నిలబడ్డాడు. అరవై రెండు కిలోలు. ఆ తూకం చీటీ కూడా పత్తి బేళ్ల చీటీలతో కలిసి, కొనే కంపెనీ కంప్యూటరుకు తనంతట తానే వెళ్లిపోయింది.

రాత్రి మరలన్నీ ఆగాక, ఒంటరిగా ఉన్న బెన్నికి ఆ కంప్యూటరు నుంచి జవాబొచ్చింది. "అరవై రెండు కిలోల సరుకు తీసుకుంటున్నాం. లారీ పంపాం."

బెన్ని నవ్వుకుని, అది సరుకు కాదు, పొరపాటని టైపు కొట్టాడు.

వెంటనే ఇంకోటి వచ్చింది. "సరుకు ఎదురు చెప్పకూడదు."

బెన్ని గేటుకు ఫోన్ చేశాడు. "సొలొమోను బాబాయ్, ఎవర్నీ లోపలికి రానీకు!"

"ముందే చెప్పాలి కదరా, ఎర్రిమొహమా?" అన్నాడు వాచ్‌మన్. "బేళ్లు కట్టే తీగ పట్టుకుని ఇద్దరొచ్చారు. నీ దగ్గరికే పంపించా."

వరండాలో తీగ నేలకు గీసుకుంటున్న చప్పుడు, తలుపు దాకా వచ్చి ఆగింది.