మోసినవాళ్ళు

ఏర్పేడు దగ్గర స్వర్ణముఖి ఎండిపోయి ఉంది. సింగపూరులో చచ్చిపోయిన తమ్ముడి అస్థికలు కలపడానికి కుప్పయ్య ఇసకలో నీళ్ళు ఊరేదాకా చెలమ తవ్వాడు. మరదలు శకుంతలమ్మ చేతిలోని కుండను అందుకోబోతూ ఆగాడు.

"వాణ్ణి ఎవురెవురు మోసినారమ్మా?"

"మా పక్కిండ్లోళ్ళే బావా. చీనా లిమ్ము, మలాయ్ హసన్ సాహెబు, అరవ మాణిక్యం, పంజాబీ సింగు. మా అంతస్తులో లిఫ్టు ఆగదు. మెట్లమీద భుజాల మీదే దించినారు."

"మనోడు ఒక్కడూ లేడా?"

"ఆడ యాడుండారు బావా!"

చచ్చినవాడికి కూడా కులం సోదా తప్పలేదు.

"తురకోళ్ళు, చీనోళ్ళు మోసినోణ్ణి మాయమ్మను కలిపిన యేట్లో కలిపితే నన్ను కులంలో ఉండనిస్తారా?"

"మా ఊరు, మా యేరు అని కలవరించి సచ్చిపోయినాడు బావా."

కుప్పయ్య పార అందుకున్నాడు. పారతో ఇసక లాగి చెలమ పూడ్చేశాడు.

ముప్పై ఏళ్ళు ఆ దేశంలో ఎవరడిగినా "మాది ఏర్పేడు" అనే చెప్పుకుంది శకుంతలమ్మ. కుండను కొంగులో చుట్టుకుని లేచింది.

"యాడికమ్మా?"

"మా దేశానికి."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిశాక, ఆమెకు ఏడుపు ఆగలేదు.