ఎనభై ఎనిమిది డిగ్రీలు

శనివారం కాబట్టి రిజిస్ట్రారు ఆఫీసు పన్నెండింటికే మూసేస్తారు. ఆలోపు పెళ్లి సంతకాలు అయిపోవాలి. సాయంత్రం పెళ్లికొడుకు ఓడ ఎక్కేస్తాడు, మళ్లీ వచ్చేది మూడేళ్లకి.

పాత కారు కొండదారి ఎక్కుతోంది. నడుపుతున్నది పెళ్లికూతురి తండ్రి. వెనక సీట్లో పెళ్లికూతురు. ఆమెకు ఒకపక్క పెళ్లికొడుకు మేనత్త, రెండోపక్క ఆవిడ సంచులు. అద్దం దిగదు. తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. కుడితిలో పడ్డ ఎలుకకైనా కాస్త కాళ్లు ఆడించుకునే చోటుంటుంది.

"మావాడు తిరిగొచ్చేదాకా నువ్వు నా దగ్గరే. మా ఇంట్లో కోడళ్లు గుమ్మం దాటరు, తెలుసుగా?" అంది మేనత్త.

ఆ గుమ్మం తలుచుకుంటేనే పెళ్లికూతురికి ఊపిరాడలేదు. ఈ పెళ్లి వద్దని తండ్రితో నాలుగుసార్లు చెప్పి చూసింది. ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకోనంటాడాయన.

మూడో మలుపులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. తండ్రి బండిని పక్కకు తీసి ఆపాడు.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్లినట్టు, ఈ డొక్కు బండి ఎందుకు అన్నయ్యగారూ?"

"డొక్కు కాదమ్మా. నిన్ననే మా మెకానిక్ షెడ్డులో కొత్త థర్మోస్టాట్ వేయించాను. ఇంజిన్ వేడెక్కగానే అది తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌లోకి వదలాలి."

"మరి వదల్లేదేం?"

"చల్లారాక విప్పి చూడాలి. ఇప్పుడు ముట్టుకుంటే మొహం కాలుతుంది."

ఫోనుకి సిగ్నల్ లేదు. దారిలో మరో బండి జాడ లేదు. మేనత్త నిమిషానికోసారి గడియారం చూసుకుంటోంది. పెళ్లిబట్టలు చెమటకి ఒంటికి అంటుకుపోతున్నా పెళ్లికూతురు కదల్లేదు. ఇంజిన్ ఎక్కడ తొందరగా చల్లారిపోతుందోనని ఆమె భయం.

పదకొండున్నర దాటాక తండ్రి రెండు బోల్టులు విప్పి ఆ చిన్న బిళ్లను బయటికి తీశాడు. దానిమీది అంకె చూసి నోరెళ్లబెట్టాడు.

"డెబ్బై నాలుగు డిగ్రీలది వేయమంటే ఎనభై ఎనిమిదిది వేశారు. అంత వేడెక్కేదాకా తెరుచుకోకపోతే ఈ ముసలి ఇంజిన్ ఎత్తు ఎక్కుతుందా?"

"ఇప్పుడెలా?"

"ఇది లేకుండానే నడుపుతాను. కానీ పన్నెండులోపు చేరలేం."

"ఇక ఈ సంబంధం వదులుకోవాల్సిందే. మూడేళ్లు ఎవరాగుతారు?" అంది మేనత్త. "ముందు ఆ మేస్త్రీని పనిలోంచి పీకేయండి. అంకెలు కూడా చదవడం రాదా?"

తండ్రి పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మరకలు పోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పదేళ్లలో ఒక్క పొరపాటు జరగలేదమ్మా ఆ చేతిమీద," అన్నాడు చివరికి.

"ఎవరండీ ఆ మహానుభావుడు?"

సంబంధం తప్పిపోతుందన్న భయంతో మగపెళ్లివారి దగ్గర ఆయన దాచిపెట్టిన ఆ మేస్త్రీ, వెనక సీట్లో, సంచుల పక్కన, పెళ్లిబట్టల్లో కూర్చుని ఉంది.