రాజుగారి గది

"నా ప్రాణం ఉండగా ఆడది ఇందులోకి దిగదు!"

క్రిసాంతో మేస్త్రీ రెండు చేతులూ బారచాపి బిలానికి అడ్డంగా నిలబడ్డాడు. బిలమంటే పెద్దదేం కాదు, పిరమిడ్ మెట్ల కింద పలకరాయి తొలగిస్తే బయటపడ్డ సందు. కింద పూర్వకాలపు మాయా జాతి రాజు సమాధి. ఏ రాజో ఇంకా తేలలేదు గానీ, తవ్వకం మొదలైన రోజు నుంచీ అందరూ "రాజుగారు, రాజుగారు" అని ఇంటి పెద్దను పిలుచుకున్నట్టే పిలుచుకుంటున్నారు.

తీరా దారి దొరికేసరికి సమాధి కప్పు బీటలిచ్చి ఉంది. ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. ఒక్క వాన పడిందంటే కప్పు కూలి రాజుగారు రాళ్లలో కలిసిపోతారు. ఈలోగా ఎవరో ఒకరు దిగి లోపల ఊతకర్రలు నిలబెట్టాలి.

తవ్వకానికి పెద్ద అయిన డాక్టర్ లియాండ్రోకు చదువెంతో పొట్టా అంతే. ఆయన సందు వంక చూసి ఊరుకున్నాడు. మేస్త్రీ కొడుకు విల్బర్ట్ దిగబోయి భుజాల దగ్గర ఇరుక్కుపోతే, జబ్బలు పట్టి లాగారు. చొక్కా చిరిగింది, మనిషి దక్కాడు. ఇక ఆ సందులో పట్టేది మేస్త్రీ కూతురు ఎదెల్మి ఒక్కతే. ఆమె తవ్వకంలో దొరికిన కుండపెంకులు కడుగుతుంది. ఆ ఊళ్లో తవ్వేది మగవాళ్లు, కడిగేది ఆడవాళ్లు.

"నేను దూరగలను నాన్నా. కాస్త జరుగు."

"జరగను. కిందున్నది ఎవరనుకున్నావే? రాజుగారి గుండెల మీద ఆడది కాలు పెడితే ఆయన ఊరుకుంటాడా?"

"పొద్దున్నే ఆయనకి మొక్కజొన్న జావ పెట్టి, దిగుతామని దండం పెట్టుకున్నాంగా!"

"అది మగాళ్లు దిగుతారని పెట్టిన జావ."

కూలీలు గొల్లున నవ్వారు. ఎదెల్మి మొహం ఎర్రబడింది. "నేను కూడా ఈ ఇంటి పిల్లనే నాన్నా. తాపీ పట్టుకుంటే నా చెయ్యేం విరగదు."

"తాపీయా? నీ జెట్స్‌మెక్ వేడుక నాడు నీ చేతిలో ఏం పెట్టారో తెలుసా?"

"మూడు నెలల పిల్లకి ఏం తెలుస్తుంది?"

"నాకు తెలుసు. మీ మేనత్త నిన్ను మొట్టమొదటిసారి చంకనెక్కించుకుని, చేతిలో సూదీ కదురూ పెట్టింది. మీ అన్న చేతిలో తాపీ పెట్టారు. ఎవరి చేతిలో ఏది పెడితే వాళ్ల బతుకు అది. ఈ రాళ్లు ఎత్తిన మన తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి. మగాడి చేతిలో సూది పెట్టిన మాయా ఇల్లు ఒక్కటి చూపించు, ఇప్పుడే జరుగుతా!"

మేస్త్రీ ముక్కు మీద టప్పున చినుకు పడింది. ఆయన తలెత్తి చూసిందే తడవు, ఎదెల్మి ఆయన చంక కింద నుంచి దూరి, నడుముకు తాడు కట్టుకుని సందులోకి జారిపోయింది.

"ఓసి నీ... ఎక్కవే పైకి!" అని అరుస్తూనే మేస్త్రీ తాడు అందుకున్నాడు. విల్బర్ట్ సాయం రాబోతే మోచేత్తో నెట్టేశాడు. ఆ తాడు ఇంకొకరి చేతికి ఇస్తాడా!

ఊతకర్రలు ఒక్కొక్కటే కిందికి వెళ్లాయి. లోపల నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"కింద పలక వేశావా?" మేస్త్రీ వంగి అరిచాడు.

"వేశా."

"చీల ఎటునుంచి కొట్టావు?"

"గోడవైపు నుంచి. నువ్వు చెప్పినట్టే."

"నేనెప్పుడు చెప్పానే నీకు?"

"అన్నయ్యకి చెప్తుంటే విన్నా. వాడు వినలేదు, నేను విన్నా."

కూలీలు ఈసారి విల్బర్ట్‌ను చూసి నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు గానీ, ఆయన ఛాతీ కాస్త పొంగింది. కప్పు నిలబడింది.

"లోపల ఏముందమ్మా?" డాక్టర్ ఆత్రంగా అడిగాడు.

"మెడలో పచ్చరాళ్ల హారం, డాక్టర్‌గారూ. ఎంత పెద్దదో! కాళ్ల దగ్గర డాలు."

"అదీ! రాజంటే అలా ఉండాలి!" మేస్త్రీ తొడ చరిచాడు. తానే పోతపోసి కూర్చోబెట్టినంత గర్వంగా చుట్టూ చూశాడు. "మన రాజురా!"

కింద మెల్లగా మట్టి తుడుస్తున్న చప్పుడు.

"ఏమే, పలకవే! చేతిలో ఏముంది? ఈటెనా?"

"కాదు నాన్నా. ఎముక సూదులు. పక్కనే కదురు. చేతిలోనే పెట్టారు."

డాక్టర్ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎముకలు చూడందే ఖాయంగా చెప్పలేం..." అని నసిగాడు. మేస్త్రీకి ఏదీ చూడాల్సిన పని లేకపోయింది. నడుము నుంచి తాపీ తీసి, ప్యాంటుకు మట్టి తుడిచి, తాడుకు కట్టి కిందికి వదిలాడు.

"ఇదిగోనే, పట్టుకో. మా తాతది. జాగ్రత్త."

వాన అందుకుంది. విల్బర్ట్, డాక్టర్, కూలీలు గునపాలు పట్టుకుని ఒక్కసారిగా సందు మీదికి తోసుకొచ్చారు. కాస్త వెడల్పు చేస్తే అందరం దిగొచ్చని వాళ్ల తొందర.

మేస్త్రీ మళ్లీ రెండు చేతులూ బారచాపి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండ్రా! రాణిగారి గదిలోకి మగాళ్లా? సిగ్గు లేదూ?"